మన హ్యాండ్‌బుక్కుకి ఓ తాత ఉన్నాడు

మా బుక్కపట్నం వైపు ఇంజనీరింగు అయిపోయినోళ్లకి హైదరాబాదు కన్నా బెంగుళూరే దగ్గర. కాబట్టి మాలో చాలామంది 'ఎంప్లాయీ హ్యాండ్‌బుక్ చదివి ఒప్పుకుంటున్నాను' అని టిక్కు పెట్టేది అక్కడే. పూర్తిగా చదివినోళ్లు ఉంటే చెయ్యెత్తండి!

ఆ పుస్తకానికి తాత లాంటివి స్టాండింగ్ ఆర్డర్లు. తెల్లోళ్లు ఇంకా ఉండగానే, 1946లో, వీటికోసం ఓ చట్టం వచ్చింది. అంతకుముందు చాలా మిల్లుల్లో పని షరతులు ఎక్కడా స్పష్టంగా రాసి ఉండేవి కావు. ఎందుకు తీసేశారో తెలీక గొడవలు. చట్టం ఏమందంటే, వందమంది, అంతకన్నా ఎక్కువ పనివాళ్లున్న చోట యజమాని ఆర్నెల్లలో రూల్సు రాసి, 5 కాపీలు సర్టిఫయింగ్ ఆఫీసరుకి ఇవ్వాలి. ఆయన వాటిని యూనియన్‌కి, అది లేకపోతే పనివాళ్లకి పంపి, అభ్యంతరాలు చెప్పడానికి 15 రోజులు ఇవ్వాలి. అంటే రూల్సు రాసేది కంపెనీయే అయినా, ఇది కుదరదు అని చెప్పే హక్కు మనకుండేది. ఇప్పుడు మనకున్నది టిక్కు పెట్టే హక్కు మాత్రమే.

అందులో ఏం రాయాలో కూడా చట్టమే చెప్పింది. షిఫ్టులు, జీతం రోజు, ఆలస్యంగా రావడం, సెలవులు, ఏది తప్పు కిందకొస్తుంది, అన్యాయం జరిగితే ఎవరికి చెప్పుకోవాలి. ఏ గేట్లోంచి లోపలికెళ్లాలి, సోదా చెయ్యొచ్చా అన్నది కూడా (మన స్వైపు కార్డూ, బ్యాగు చెకింగూ కొత్తవేం కాదన్నమాట). నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. రూల్సుని ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది పనివాళ్లకి అర్థమయ్యే భాషలోనూ గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలి.

మొదట్లో ఆ రూల్సు న్యాయమైనవా కాదా అని చూసే అధికారం ఆఫీసరుకి లేదు. 1956 సవరణతో వచ్చింది. 1982లో ఇంకోటి చేర్చారు. విచారణ కోసం సస్పెండు చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం ఇవ్వాలి. ఆలస్యం పనివాడి వల్ల కాకపోతే ఆ తర్వాత ముప్పాతిక.

మరి మన సాఫ్ట్‌వేరోళ్ల సంగతి? కర్ణాటక ప్రభుత్వం ఐటీ కంపెనీలకి ఈ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. 2014లో ఐదేళ్లు, 2019లో మళ్లీ ఐదేళ్లు. పరిశ్రమ పెరగాలంటే స్వేచ్ఛ కావాలి అన్నది వాదన. పరిశ్రమ ఎదిగి నడి వయసుకొచ్చినా పసిపిల్లాడి రాయితీ ఎందుకో నాకైతే అర్థం కాదు.

అదే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్లు చెయ్యడం మొదలెట్టిన కియా లాంటి ఫ్యాక్టరీకి ఆ మినహాయింపు లేదు. అంటే ఊళ్లో ఉండిపోయి ఫ్యాక్టరీలో చేరిన క్లాస్‌మేటుకి, బెంగుళూరు వెళ్లిన మనకి లేని రక్షణ ఉంది.

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. 1946 చట్టం పోయి, స్టాండింగ్ ఆర్డర్లు 2020 నాటి ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లోకి చేరాయి. హద్దు 300 మందికి పెరిగింది. రెండొందల యాభై మంది ఉన్న చిన్న కంపెనీ ఇప్పుడు లెక్కలోకే రాదు.

అన్నట్టు, కర్ణాటక ఆ మినహాయింపు ఊరికే ఇవ్వలేదు. యాజమాన్యం వాళ్లూ ఉద్యోగులూ సమానంగా ఉండే ఫిర్యాదుల కమిటీ ఒకటి పెట్టాలని షరతు పెట్టింది. ఎవరినైనా సస్పెండు చేసినా, తీసేసినా కార్మిక శాఖకి చెప్పాలి. బెంగుళూరులో ఉన్నోళ్లు ఓసారి హ్యాండ్‌బుక్ తెరిచి, మీ కంపెనీలో ఆ కమిటీలో ఉద్యోగుల తరఫున ఎవరున్నారో చూడండి.