పాస్‌పోర్టు అడుగున ఆ రెండు లైన్లు

అన్నలూ, తమ్ముళ్ళూ, మీ పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ ఒకసారి తెరవండి. అడుగున బాణం గుర్తులతో రెండు లైన్లు కనిపిస్తయి. ఒక్కో లైనులో 44 గడులు. ఎపిసోడ్‌లో ఈ సంగతి తొందరగా దాటేసిన, అందుకే ఇక్కడ రాస్తున్న.

ఒకప్పుడు ఒక్కో దేశం పాస్‌పోర్టు ఒక్కో తీరుగ ఉండేది. కౌంటర్ల కూర్చున్న మనిషి చదివి, చేత్తో రాసుకోవాలె. విమానాలెక్కేవాళ్ళు పెరిగేసరికి ఐకావో అనే అంతర్జాతీయ విమానయాన సంస్థ 1968లో ఒక ప్యానెల్ వేసింది. 1980లో డాక్యుమెంట్ 9303 అని నిబంధనల పుస్తకం తెచ్చింది. ముందుగా ఆస్ట్రేలియా, కెనడా, అమెరికా ఆ పద్ధతిలో పాస్‌పోర్టులు ఇచ్చినయి. ఆ లైన్ల అక్షరాలను ఓసీఆర్-బి అంటరు. అడ్రియన్ ఫ్రుటిగర్ అనే స్విట్జర్లాండ్ ఆయన గీసిండు, మనిషీ చదవాలె, మిషినూ చదవాలె అని. చేతిరాత పాస్‌పోర్టులకు ఆఖరు గడువు 2015 నవంబర్ 24. నా మొదటిది చేతిరాతదే.

ఇందులో నాకు బాగా నచ్చింది చెక్ అంకె. రెండో లైనులో మన దేశం కోడ్ ఐఎన్‌డి తర్వాత ఆరంకెలు పుట్టిన తేదీ, సంవత్సరం ముందు. ఏడోది చెక్ అంకె. 1981 జూన్ 12 అంటే 810612. వరుసగా 7, 3, 1, మళ్ళీ 7, 3, 1తో గుణించి కూడాలె: 56, 3, 0, 42, 3, 2. మొత్తం 106. చివరి అంకె 6, అదే చెక్ అంకె. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి మీది మీరే చూసుకోండి.

మా క్యాంపులో ఒక తమ్మునిది సరిగ్గా ఈ తేదీనే. ఆఫీసులో ఎవరో 12/06/1981 అని ఎక్సెల్‌లో కొట్టిన్రు. ఆ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంది, అది డిసెంబర్ 6 అనుకొని దాచుకుంది. ఏ ఎర్ర గీతా రాలేదు. కాగితాలన్నీ ఆ లిస్టు నుంచే పోయినయి. తల్లి పోయిందని ఫోన్ వచ్చిననాడు తేదీలు కలవక మూడు రోజులు ఆగిపోయిండు. దహనానికి అందలేదు. ఆ లిస్టు మీద సంతకం నాది.

తర్వాత సైటులో ఉన్న ఒక చిన్న ఇంజనీరు పైథాన్‌లో ప్రోగ్రాం రాసిండు. స్కాన్ నుంచి ఆ రెండు లైన్లు తీసుకుంటది, చెక్ అంకె లెక్కేస్తది, కలిస్తేనే దాస్తది. 811206కు మొత్తం 80, చివర 0 వస్తది, 6 రాదు, అక్కడే పట్టుబడేది. కలవనివి పక్కన పెడతది, నేను పాస్‌పోర్టు చేతిలో పట్టుకొని చూస్త. తేదీని తేదీగా కాదు, ఉత్త అక్షరాలుగానే దాయమన్న, ఎక్సెల్ మళ్ళీ తెలివి చూపించకుండ. మొదటిరోజే పాత లిస్టులో ఇంకో నలుగురివి తప్పులు దొరికినయి.

పేర్లకు మాత్రం చెక్ అంకె లేదు. మొదటి లైనులో ఇంటిపేరు ముందు, రెండు బాణాల తర్వాత సొంత పేరు. అది లేబర్ కార్డులో ఉన్నట్టే ఉందా లేదా, ఈ శుక్రవారం పక్క మంచం ఆయనతో కలిసి చూసుకోండి.