హద్దులు వెతికే విద్య

సీరియల్ లైన్ మీద అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, అంతే. ఏది మొదలో, ఏది చివరో తీగకు తెలియదు. పంపేది ఎప్పుడూ ఒకే పొడవుంటే పేచీ లేదు, లెక్కపెట్టి తెంపుకోవచ్చు. పొడవు మారుతూ, మధ్యలో గడులు ఖాళీగా వచ్చే సమాచారంతోనే చిక్కంతా. దాన్ని చిన్న చిప్‌లో విడదీసే విద్య చరిత్రంతా హద్దులు పోల్చుకునే ప్రయత్నమే.

టెలిప్రింటర్ల కాలం నాటి ఆస్కీ ఆ హద్దులకు ఏకంగా సంకేతాలే కేటాయించింది. 1960ల్లో స్థిరపడిన పట్టికలో 2 పాఠం మొదలుకు, 3 ముగింపుకు. మనిషి చదివే పాఠానికి అది సరిపోయింది. యంత్రాలు కొలతల్ని నేరుగా బైట్లుగా పంపుకోసాగాక, కొలతే 3 అయితే? 1979లో మోడికాన్ సంస్థ ఫ్యాక్టరీ కంట్రోలర్ల కోసం తెచ్చిన మోడ్‌బస్, తన ఆర్‌టీయూ పద్ధతిలో మౌనాన్నే హద్దు చేసింది. మూడున్నర అక్షరాలు పట్టేంత సేపు లైన్ ఊరకుంటే సందేశం అయిపోయినట్టు. తెలివైన ఉపాయమే. కానీ నడుమ యూఎస్‌బీ కన్వర్టర్ చేరి బైట్లను గుంపులుగా అందిస్తే ఆ లెక్క తప్పుతుంది.

నాకు ముచ్చటగా తోచేది 1983లో ఓడల పరికరాల కోసం వచ్చిన ఎన్ఎంఈఏ 0183 ప్రమాణం. డాలర్ గుర్తుతో మొదలు, గడుల మధ్య కామాలు, నక్షత్రం గుర్తు తర్వాత రెండంకెల చెక్‌సమ్, చివర లైన్ మార్పు. మొత్తం 82 అక్షరాలు దాటకూడదు. 128 బైట్ల ర్యామ్ ఉన్న 8051 చిప్‌లో కూడా, ఇరుకుగానైనా, ఒక సందేశం పట్టేది. జీపీఎస్ మాడ్యూళ్లు నేటికీ ఈ భాషే మాట్లాడతాయి. ఉపగ్రహాలు అందనప్పుడు మాత్రం గడులు ఖాళీగా, కామా పక్కన కామాగా వస్తాయి. గడులు విడదీయడానికి వాడే సీ భాషలోని ఎస్‌టీఆర్‌టాక్ ఫంక్షన్ వరుస కామాలను ఒక్కటిగానే చూస్తుంది. దాంతో తర్వాతి గడులన్నీ ముందుకు జరిగిపోతాయి. చెక్‌సమ్ సరిపోతుంది, అక్షాంశం స్థానంలో ఇంకేదో కూర్చుంటుంది. ఆరుబయట బాగా పనిచేసిన ప్రోగ్రాం ఇంట్లోకి తేగానే పిచ్చి అంకెలు చూపడానికి ఇదొక కారణం.

బైట్ల సమాచారానికి 1988లో స్లిప్ పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 1055గా నమోదు చేశారు. అందులో హద్దు బైటు సమాచారంలో కనబడితే దాన్ని రెండు బైట్లుగా మార్చి పంపుతారు. స్టాన్‌ఫర్డ్‌లో స్టువర్ట్ చెషైర్, మేరీ బేకర్ 1997లో ప్రకటించిన కాబ్స్ ఇంకా నాజూకైనది. సందేశం లోపల సున్నా బైటే లేకుండా మార్చి, సున్నాను హద్దుకే వదిలేసింది. అదనపు ఖర్చు 254 బైట్లకు ఒకటి చొప్పున మించదు.

2005లో ఇటలీలో పుట్టిన ఆర్డువినో బోర్డు ఈ పనిని విద్యార్థుల బల్ల మీదికి తెచ్చింది, బద్ధకాన్ని కూడా నేర్పింది. రీడ్‌స్ట్రింగ్‌అన్‌టిల్ అని ఒక్క ముక్క రాస్తే చాలు. ముగింపు గుర్తు రాకపోతే అది మామూలుగా ఒక సెకను కాచుక్కూర్చుంటుంది, ఆ సెకను మిగతా పనులన్నీ ఆగుతాయి. ఆర్డువినోల్లో పాత ఊనో బోర్డులో ర్యామ్ 2 కేబీ, సీరియల్ బఫర్ 64 బైట్లు. 9600 బాడ్ వేగంలో సెకనుకు 960 అక్షరాలు వస్తాయి కనుక, ప్రోగ్రాం వేరే పనిలో పడి 67 మిల్లీసెకన్లు ఇటు చూడకపోతే బఫర్ నిండి, ఆపై వచ్చినవి చప్పుడు లేకుండా పోతాయి.

కాబట్టి కొత్త పరికరానికి సొంత రూపం అల్లుకునేవారు ముందు ముగింపు గుర్తు, గరిష్ఠ పొడవు తేల్చుకోండి. వచ్చిన అక్షరాన్ని వచ్చినట్టే తీసుకుని, ఇప్పుడు ఏ గడిలో ఉన్నామో గుర్తుంచుకునే ప్రోగ్రాం రాయండి.