కావలి సోదరులు – విశ్వాసార్జనము

పరభాషా ప్రాంతములందు తరతరములుగ నివసించుచున్న మన కుటుంబములకు ఇరుగుపొరుగువారి నమ్మకమే తొలి పెట్టుబడి. పొలముగాని, దుకాణముగాని, కొలువుగాని దానిపైననే నిలిచినది. ఆ నమ్మకము ఎట్లు కుదురునో, ఎచ్చట చెడునో తెలిసికొనుటకు ఏలూరివారైన కావలి సోదరుల చరిత్ర మనకు చక్కని నిదర్శనము.

కాలిన్ మెకంజీ స్కాట్లండు దేశస్థుడు; 1783లో చెన్నపురికి వచ్చి కుంఫిణీ సైన్యమున ఇంజనీరుగ పనిచేసెను. ఈ దేశచరిత్ర నెరుగవలెనను కుతూహలము ఆతనికి మెండు. దేశభాషలు మాత్రము రావు. 1796లో కావలి వెంకట బొర్రయ్య ఆతని కొలువున చేరెను. 1799లో శ్రీరంగపట్నము పతనమైన పిదప మైసూరు సర్వే ఆరంభమైనది. కొలతగొలుసు పట్టివచ్చిన కుంఫిణీ ఉద్యోగిని జూచి, పన్ను పెరుగునని రైతులును, మాన్యములు పోవునని అర్చకులును శంకించుట సహజమే కదా! ఇంట దాచిన తామ్రశాసనమును అట్టివాని చేతికి ఎవరిత్తురు?

అట్టి శంకలను తీర్చినవాడు బొర్రయ్య. ఆతని సామరస్య స్వభావము వలననే సకల మతములవారును, జాతులవారును ఈ పరిశోధనకు సుముఖులైరని 1817లో మెకంజీయే ఒక లేఖలో కొనియాడెను. తెలుగువాడైన బొర్రయ్య కన్నడసీమలో హళగన్నడ శాసనములను చదువుటకు పూనుకొనెను. తమ పూర్వుల మాటను శ్రద్ధతో చదువువానిని ఎవరు పరాయివానిగ చూతురు?

1803లో బొర్రయ్య పిన్నవయసుననే మరణించెను. అయినను పని ఆగలేదు. ఏడేండ్ల కొలువులోనే ఆతడు తన తమ్ములకును, ఇతర కులములవారికిని ఆ విద్య నేర్పియుండెను. తమ్ముడు లక్ష్మయ్య పరిశోధక బృందమునకు నాయకుడై, 1821లో మెకంజీ మరణించువరకు ఆ భారము వహించెను. మరియొక సోదరుడు రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్రను ఆంగ్లమున ప్రకటించెను.

మెకంజీ అనంతరము ఆ కార్యమును తాను కొనసాగింతునని లక్ష్మయ్య ప్రభుత్వమునకు విన్నవించుకొనెను. ప్రభుత్వము బంగాళా ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయమును కోరెను. దేశీయుడెవ్వడును అంతటి పనికి చాలడని 1836లో జేమ్స్ ప్రిన్సెప్ తేల్చెను. ఏండ్ల తరబడి ఆ పనినే నడపిన అనుభవము లెక్కకు రాలేదు. మెకంజీ పనిని జూచి నమ్మెను. సొసైటీ పుట్టుకను జూచి శంకించెను.

ఒక పెద్దమనిషి మనయం దుంచిన నమ్మకము ఆయనతోనే ముగిసిపోవచ్చును. అది సంస్థకు సంక్రమింపవలెనన్న, చేసినవాని పేరును, పనియును లెక్కపుస్తకమున కెక్కవలెను. మన సంఘములును, వ్యాపారములును మరువరాని పాఠమిది. కావలివారు కూర్చిన గ్రామ కైఫీయతులు నేడును చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున కలవు. వానిని చదువునపుడు మెకంజీ పేరుతోపాటు ఆ సోదరుల పేర్లను కూడ మన బిడ్డలకు చెప్పుదము గాక!