ప్రపంచ ప్రదక్షిణ టికెట్: ఒక్కసారే కొనడమా, దారిలో కొనుక్కోవడమా

ఒక ఊళ్లో బయల్దేరి, తూర్పుకో పడమరకో ఒకే దిక్కుగా సాగి, అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలను ఒక్కొక్కసారి దాటి, మళ్లీ బయల్దేరిన దేశానికే చేర్చే టికెట్‌ను ప్రపంచ ప్రదక్షిణ టికెట్ అంటారు. ట్రావెల్ ఏజెంట్లు పొట్టిగా ఆర్‌టీడబ్ల్యూ అంటారు. దీన్ని ప్రధానంగా విమాన సంస్థల కూటములు అమ్ముతాయి. గడువు ఏడాది, ఎక్కే విమానాలు 16కి మించకూడదు. దీనికి పోటీగా నిలిచేది రెండో పద్ధతి: ముందుగా ఒక్క టికెట్ కొనుక్కుని బయల్దేరడం, ఆపైన ఎక్కడికి చేరితే అక్కడి నుంచి వన్‌వే టికెట్లు తీసుకుంటూ పోవడం.

ఏది చవక అన్నది ఒక లెక్క. మధ్యలో అనుకున్నది తారుమారైతే భారం ఎవరి మీద పడుతుందన్నది ఇంకో లెక్క. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు వీసా మూడో లెక్క. చాలామంది దాన్ని చివర్లో చూసుకుంటారు కానీ మొదట చూడాల్సింది అదే.

పుట్టు పూర్వోత్తరాలు

డబ్బు తీసుకుని భూగోళం చుట్టించే వ్యాపారం విమానాల కంటే పాతది. థామస్ కుక్ 1872లో ఒక చిన్న బృందాన్ని ఓడలు, రైళ్ల మీద 222 రోజుల పాటు ప్రపంచం తిప్పి తీసుకొచ్చాడు. విమానాల్లో ఆ పని మొదలుపెట్టింది పాన్ అమెరికన్ సంస్థ. 1947 జూన్ 17న దాని కాన్‌స్టలేషన్ విమానం న్యూయార్క్ నుంచి తూర్పు దిక్కుగా బయల్దేరింది. కరాచీ, కలకత్తాల మీదుగా సాగిన ఆ దారి శాన్‌ఫ్రాన్సిస్కో వైపు తిరిగొచ్చేది. అక్కడో తమాషా ఉంది. అమెరికా లోపల ఊరికీ ఊరికీ మధ్య ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి అప్పట్లో ఆ సంస్థకు లేదు. ప్రపంచం చుట్టేసే సంస్థకు సొంత దేశమే అడ్డం.

1958లో ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ కూడా ప్రదక్షిణ సర్వీసు పెట్టింది. ఒకే సంస్థ తన విమానాలతోనే భూమిని చుట్టడం ఖరీదైన వ్యవహారం. పాన్ అమెరికన్ 1991 డిసెంబరులో మూతపడింది. ఆ తర్వాత ఈ బాధ్యతను కూటములు తలకెత్తుకున్నాయి. స్టార్ అలయన్స్ 1997 మేలో, వన్‌వరల్డ్ 1999 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. ఎవరి దారిలో వాళ్లు విమానం నడుపుతారు, టికెట్ మాత్రం ఒక్కటే. ఎయిర్ ఇండియా 2014 జులైలో స్టార్ అలయన్స్‌లో చేరింది.

విశేషమేమంటే, స్టార్ అలయన్స్ పుట్టడానికి కొద్ది వారాల ముందు, 1997 ఏప్రిల్‌లో, ఐరోపా సమాఖ్య తన ఆకాశాన్ని పూర్తిగా తెరిచింది. సభ్యదేశాల సంస్థ ఏదైనా ఇంకో సభ్యదేశం లోపల కూడా విమానాలు నడుపుకోవచ్చని తేల్చింది. రయన్ఎయిర్, ఈజీజెట్ వంటి చవక సంస్థలు రెక్కలు విప్పుకున్నది ఆ దారిలోనే. 2001 చివర్లో ఎయిర్ ఏషియా కొత్త యాజమాన్యంలో చవక సంస్థగా మారి ఆగ్నేయాసియాలో అదే పని చేసింది. ప్రపంచ టికెట్‌కు ఊపిరి పోసిన కాలమే దాని పోటీదారునీ పెంచి పోషించింది.

మైళ్ల లెక్క, ఖండాల లెక్క

స్టార్ అలయన్స్ దూరాన్ని బట్టి ధర కడుతుంది. ప్రధానంగా 29 వేలు, 34 వేలు, 39 వేల మైళ్ల పట్టీలు ఉంటాయి. భూమధ్యరేఖ దగ్గర భూమి చుట్టుకొలత 24,901 మైళ్లు కాబట్టి, మొదటి పట్టీలో అటూ ఇటూ కాస్త తిరగడానికి చోటు ఉంటుంది. వన్‌వరల్డ్ ఎక్స్‌ప్లోరర్ దూరంతో పని లేకుండా ఖండాలు లెక్కపెడుతుంది: కనీసం 3, గరిష్ఠం 6. ఖండానికి 4 విమానాలు, ఉత్తర అమెరికాలో మాత్రం 6. ఈ ఖండాలు బడి భూగోళంలోవి కావు. దోహా, కైరో ఇక్కడ ఐరోపా ఖాతాలో పడతాయి.

ఒక దారి వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ సుమారు 2,055 మైళ్లు, అక్కడి నుంచి సిడ్నీ 3,910, ఆక్లండ్ 1,340, శాన్‌ఫ్రాన్సిస్కో 6,530, న్యూయార్క్ 2,580, లండన్ 3,450, ఫ్రాంక్‌ఫర్ట్ 410, తిరిగి హైదరాబాద్ 4,420. మొత్తం 24,700 మైళ్ల లోపే. సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ న్యూజిలాండ్, యునైటెడ్, లుఫ్తాన్సా అన్నీ ఒకే కూటమివి. విమానాలు ఎనిమిదే కాబట్టి సగం కోటా మిగిలే ఉంటుంది.

ఇప్పుడు లండన్ తీసేసి, న్యూయార్క్ నుంచి సావో పాలో దిగి, అక్కడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్దామనుకుంటే? ఒక్క ఊరు మారింది. మైళ్లు మాత్రం దాదాపు 31,700కు ఎగబాకి, టికెట్ 34 వేల పట్టీలో పడుతుంది. దక్షిణ అమెరికా, దక్షిణాఫ్రికా చేర్చుకోవాలనుకునేవాళ్లు మైళ్ల పద్ధతినీ ఖండాల పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూడాల్సింది ఇందుకే.

నిబంధనల్లో తెలియక దెబ్బతినేవి కొన్ని ఉన్నాయి. ఒక ఊళ్లో 24 గంటలు దాటి ఉంటే అది స్టాపోవర్. ఒక మహాసముద్రం దాటాక వెనక్కి దాటడానికి వీల్లేదు. బ్యాంకాక్‌లో దిగి రైళ్లలో మలేషియా మీదుగా సింగపూర్ చేరి అక్కడ విమానం ఎక్కితే, నేల మీద తిరిగిన ఆ దూరం కూడా స్టార్ లెక్కలో మైళ్లను తింటుంది. వన్‌వరల్డ్ దాన్ని 16లో ఒకటిగా కోస్తుంది. రైలు టికెట్ డబ్బులు వేరే, అది వేరే! విమానాలు వరుస తప్పకుండా ఎక్కాలి. చెప్పకుండా ఒకటి వదిలేస్తే మిగతా టికెట్ మొత్తం రద్దయ్యే ప్రమాదం ఉంది.

తేదీల సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. చాలా సంస్థలు సుమారు 330 రోజుల ముందు నుంచే సీట్లు అమ్మకానికి పెడతాయి. మూడు నెలల ముందే టికెట్ కొని ఏడాది తిరగాలనుకునే మనిషికి ఆఖరి విమానాలు కొనేనాటికి తెరపై కనిపించవు. ఏజెంటు ఏదో ఒక దగ్గరి తేదీ వేసి టికెట్ ఇస్తాడు, తర్వాత మార్చుకోవాలి. తేదీ మార్పు సాధారణంగా తేలికే. ఊరు మారిస్తే టికెట్ మళ్లీ రాయాలి, రుసుము కట్టాలి, పన్నుల తేడా చెల్లించాలి. ఆ పన్నులు మూల ధరలో కలిసి ఉండవు. బ్రిటన్ 1994 నుంచి వసూలు చేస్తున్న ప్రయాణికుల సుంకం దూరాన్ని బట్టి, తరగతిని బట్టి పెరుగుతుంది కాబట్టి, లండన్‌లో దిగి ఐరోపాలో ఇంకెక్కడి నుంచో దూరప్రయాణం ఎక్కడం పాత కిటుకు. ఎక్కడ మొదలుపెడితే ఎంత ధర అన్నది కూడా దేశాన్ని బట్టి మారుతుంది.

దారిలో కొనుక్కుంటే

పెద్ద సంస్థల దూరప్రయాణాల్లో వన్‌వే ధర రానూపోనూ ధరలో సగానికి చాలా ఎక్కువగా ఉండడం ఒకప్పుడు మామూలే. ప్రపంచ టికెట్‌కు గిరాకీ రావడానికి అదొక కారణం. చవక సంస్థలు ఏ ముక్కకు ఆ ముక్క ధర పెట్టడంతో ఆ గోడ చాలా చోట్ల కూలింది. కౌలాలంపూర్, బ్యాంకాక్, సింగపూర్ల చుట్టూ, ఐరోపా లోపల, ముక్కలుగా కొనుక్కోవడమే లాభం. పసిఫిక్ మీద, దక్షిణార్ధగోళంలో ఆ మాట చెల్లదు. సిడ్నీ నుంచి సాంటియాగో, జొహన్నెస్‌బర్గ్ నుంచి సావో పాలో వంటి దారుల్లో నడిపేది ఒకటి రెండు సంస్థలే. వాళ్లు చెప్పిందే ధర. అలాంటివి రెండు ఉన్న ప్రయాణానికి కూటమి టికెట్ తీసుకోవడమే తెలివి. బిజినెస్ క్లాసుకైతే ఈ మాట ఇంకా గట్టిగా చెప్పొచ్చు.

చవక టికెట్‌లో సామాను ధర విడిగా ఉంటుంది. ఎయిర్ ఏషియా క్యాబిన్‌లోకి ఉచితంగా అనుమతించేది 7 కిలోలు. వేసవి, చలికాలం రెండూ ఒకే ప్రయాణంలో తగిలే మనిషికి స్వెట్టర్, బూట్లతోనే ఆ కోటా సగం అయిపోతుంది.

అసలు చిక్కు రెండు విడి టికెట్ల మధ్య ఉంటుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో సంస్థకు దాంతో సంబంధం లేదు. అదే ఒక్క టికెట్ అయితే తర్వాతి విమానంలో చోటు చూపించాల్సింది సంస్థే. సంస్థే మూతపడితే సరేసరి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న, ఐస్‌లాండ్‌కు చెందిన వావ్ దానికి మూడు వారాల ముందు, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. వాటి విడి టికెట్లు చేతిలో ఉన్నవాళ్లు ఇంకో టికెట్ కొనుక్కోక తప్పలేదు.

కూటమి టికెట్ కూడా రాతి మీద గీత కాదు. పసిఫిక్ మధ్యలోని ఈస్టర్ దీవికి చిలీ నుంచి విమానం నడిపేది లాటమ్. ఆ సంస్థ వన్‌వరల్డ్‌లో ఉన్నన్నాళ్లూ ప్రదక్షిణ టికెట్‌లో ఆ దీవిని చేర్చుకోవడం యాత్రికులకు ముచ్చటైన పని. 2020 మేలో లాటమ్ కూటమి వదిలేయడంతో ఆ సరదా తీరిపోయింది. ఎయిర్ న్యూజిలాండ్ 2015లో మొదలుపెట్టిన ఆక్లండ్–బ్యూనస్ ఎయిర్స్ సర్వీసు కూడా 2020లో ఆగింది. స్కాండినేవియన్ సంస్థ శాస్ 2024 సెప్టెంబరులో స్టార్ నుంచి స్కైటీమ్ అనే ఇంకో కూటమికి మారింది. పాత గైడు పుస్తకం చూసి దారి వేసుకోకూడదు.

వీసా

పశ్చిమ దేశాల పాస్‌పోర్టు ఉన్నవాళ్లు రాసే సలహాల్లో స్వేచ్ఛగా తిరుగుతూ కొనుక్కోండి అన్న మాట తరచూ వినిపిస్తుంది. మనకు అది సగమే పనికొస్తుంది. ఐరోపాలో చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు మాత్రమే దరఖాస్తు చేయగలం; అదీ మామూలుగా నివాసం ఉన్న దేశంలోనే. ఇంట్లోంచి బయల్దేరిన ఎనిమిదో నెలలో పారిస్ చేరాలనుకునేవాళ్లకు ఆ వీసా ముందుగా దొరకదు. అందుకే ఐరోపాను మొదట్లో పెట్టుకుని పడమరగా వెళ్లడం మేలు. అమెరికాలో విమానం మారడానికి కూడా వీసా కావాలి, విమానాశ్రయం దాటకపోయినా సరే.

వీసా ఉన్నా కౌంటర్ దగ్గర ఇంకో పరీక్ష ఉంటుంది. ఉద్యోగి టిమాటిక్ అనే సమాచార వ్యవస్థలో పాస్‌పోర్టు, గమ్యం చూసి, ముందుకు వెళ్లే టికెట్ ఉందా అని అడుగుతాడు. నిబంధనలు తీరని ప్రయాణికుణ్ని తీసుకెళ్తే జరిమానా సంస్థకే పడుతుంది కాబట్టి ఆ ప్రశ్న ఊరికే అడిగేది కాదు. వన్‌వే టికెట్‌తో నిలబడ్డవాళ్లు అక్కడికక్కడే ఫోన్లో ఇంకో టికెట్ కొనడం పెద్ద వింతేమీ కాదు. ప్రదక్షిణ టికెట్ ఉన్నవాళ్లు కాగితం చూపించి ముందుకు నడుస్తారు.

మధ్యే మార్గం

చాలామందికి సరిపోయేది మిశ్రమ పద్ధతి: సముద్రాలు దాటే రెండు మూడు పెద్ద ప్రయాణాలను మల్టీ సిటీ టికెట్‌గా ముందే కొనుక్కుని, ఖండం లోపలి చిన్నవాటిని అక్కడే చూసుకోవడం. అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరకు వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు ఇది మరీ బాగా కుదురుతుంది. పదేళ్ల సందర్శక వీసా చాలామంది దగ్గర ఉంటుంది; దాంతో మెక్సికోకు కూడా విడిగా వీసా అక్కర్లేదు. వెళ్లేటప్పుడు టోక్యో మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో, వచ్చేటప్పుడు డల్లాస్ నుంచి లండన్ మీదుగా హైదరాబాద్ అని వేసుకుంటే అది కూడా ప్రదక్షిణే. జపాన్, బ్రిటన్‌లలో ఊరు చూడాలంటే ఆ వీసాలు ముందుగా తెచ్చుకోవాలి. అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చన్నది దిగిన రోజున అక్కడి అధికారి తేలుస్తాడు. మామూలుగా ఇచ్చేది ఆరు నెలలు. ఆ తేదీ చేతికొచ్చాక తిరుగు ప్రయాణం ముందుకో వెనక్కో జరుపుకోవాల్సి రావచ్చు కాబట్టి, తేదీ మార్పుకు రుసుము ఎంతో టికెట్ కొనే రోజే అడిగి రాయించుకోవాలి.