చెరిపివేసిన రికార్డు: ఎవా క్లొబుకోవ్‌స్కా పరుగుల కథ

మహిళల వంద మీటర్ల పరుగు ప్రపంచ రికార్డుల అధికారిక పట్టికలో 1965 జూలై 9, ప్రాగ్ నగరం, 11.1 సెకన్లు అనే వివరాల పక్కన ఒకే పేరు కనిపిస్తుంది. అది ఇరేనా కిర్షెన్‌స్టయిన్ పేరు. అయితే ఆ రోజు ప్రాగ్‌లో అంత వేగంతో పరుగెత్తినవారు ఇద్దరు. ఇద్దరూ పోలండ్ యువతులే, ఇద్దరూ 1946లో పుట్టినవారే. రెండో ఆమె ఎవా క్లొబుకోవ్‌స్కా. ఆమె పేరు కొన్నేళ్లపాటు ఆ పట్టికలో ఉండి, 1970లో తొలగిపోయింది. ఎందుకు తొలగిందన్నదే ఈ పాఠంలో మన ప్రశ్న. (పోలిష్ ఉచ్చారణలో ఆమె ఇంటిపేరు 'క్వొబుకోఫ్‌స్కా' అని వినిపిస్తుంది. మన పత్రికలు అక్షరాలను బట్టి క్లొబుకోవ్‌స్కా అనే రాస్తూ వచ్చాయి. మనమూ అలాగే అందాం.)

ఎవా 1946 అక్టోబరు 1న వార్సాలో పుట్టింది. యుద్ధంలో ఆ నగరం దాదాపు నేలమట్టమై అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. శిథిలాల మధ్యనుంచి లేచిన ఆ తరానికి క్రీడలు ఒక కొత్త గౌరవాన్ని తెచ్చాయి. 1950ల చివరికి పోలండ్ అథ్లెట్లు ఐరోపాలో ఎంత బలపడ్డారంటే, వారి జట్టును 'వుండర్‌టీమ్', అంటే అద్భుత జట్టు అని పిలిచేవారు. ఎవా వార్సాలోని స్క్రా క్లబ్బు తరఫున పరుగెత్తేది. ఇరేనా కూడా అదే నగరంలో తయారైంది.

1964 టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి ఎవాకు పద్దెనిమిదేళ్లు అప్పుడే నిండాయి. వంద మీటర్ల ఫైనల్లో అమెరికాకు చెందిన వ్యోమియా టయస్ 11.4 సెకన్లలో గెలిచింది. ఈడిత్ మెక్‌గ్వయర్, ఎవా ఇద్దరికీ 11.6 సెకన్లే నమోదైనా రెండో స్థానం మెక్‌గ్వయర్‌కు, మూడో స్థానం ఎవాకు దక్కాయి. సెకనులో పదో వంతు వరకే లెక్కించే రోజులవి. ఒకే అంకె వచ్చినవారిలో ముందు ఎవరో ఫోటో చూసి తేల్చేవారు. అక్టోబరు 21న 400 మీటర్ల రిలే జరిగింది. తెరెసా చెప్లీ, ఇరేనా, హలీనా గొరెట్స్కా వరుసగా పరుగెత్తి బ్యాటన్ అందించగా చివరి వంద మీటర్లు ఎవా పూర్తిచేసింది. టయస్, మెక్‌గ్వయర్ ఇద్దరూ ఉన్న అమెరికా జట్టును పోలండ్ ఓడించింది. సమయం 43.6 సెకన్లు, కొత్త ప్రపంచ రికార్డు. అది సింథటిక్ ట్రాక్ కాదు, సిండర్ ట్రాక్ అన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఒలింపిక్స్‌కు సింథటిక్ ట్రాక్ 1968లో మెక్సికోలో గానీ రాలేదు.

మరుసటి ఏడాది ప్రాగ్ రికార్డు సంగతి చెప్పుకున్నాం. 1966లో బుడాపెస్ట్‌లో జరిగిన యూరోపియన్ చాంపియన్‌షిప్‌లో వంద మీటర్లలో ఎవా మొదటిది, ఇరేనా రెండోది. రెండు వందల మీటర్లలో ఈ వరుస తారుమారైంది. రిలేలో ఇద్దరూ కలిసి గెలిచారు. ఇరవై ఏళ్లు నిండకముందే ఆమె సాధించినదిది.

ఆ బుడాపెస్ట్ పోటీల్లోనే మరో కొత్త విషయం మొదలైంది. మహిళా విభాగంలో పాల్గొనేవారంతా వైద్యుల బృందం ముందు వివస్త్రలై నిలబడి తాము స్త్రీలమని నిరూపించుకోవాలి! దీనికి నేపథ్యం ప్రచ్ఛన్న యుద్ధం. తూర్పు ఐరోపా దేశాలు స్త్రీల పోటీలకు పురుషులను పంపుతున్నాయని పాశ్చాత్య పత్రికల్లో వదంతులు సాగేవి. సోవియట్ అక్కాచెల్లెళ్లు తమారా, ఇరీనా ప్రెస్‌లు బుడాపెస్ట్‌కు రాకపోవడం ఆ వదంతులకు మరింత బలమిచ్చింది. రాకపోవడం దేనికీ రుజువు కాదన్నది ఆ హడావిడిలో ఎవరికీ పట్టలేదు. ఎవా మాత్రం ఆ పరీక్షకు హాజరైంది, నెగ్గింది.

1967 సెప్టెంబరులో కీవ్‌లో యూరోపియన్ కప్ ఫైనల్ జరిగింది. ఈసారి కంటిచూపుతో పాటు క్రోమోజోముల పరీక్ష కూడా పెట్టారు. ఎవా అందులో నెగ్గలేదని వైద్యుల సంఘం ప్రకటించింది. ఆమెకు ఒక క్రోమోజోము అదనంగా ఉందని ప్రపంచ పత్రికలన్నీ ఆమె పేరుతో సహా అచ్చువేశాయి. అప్పటికి ఆమెకు ఇరవై ఒకటో ఏడు కూడా నిండలేదు. ఒక వ్యక్తి శరీరానికి సంబంధించిన అత్యంత రహస్యమైన వైద్య సమాచారం, ఆమె ప్రమేయం లేకుండా, వార్తాసంస్థల తంతుల మీద దేశదేశాలకు పాకింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపించేది ఇదే. నిషేధం తప్పా ఒప్పా అన్నది తర్వాతి మాట.

ఇక్కడ కొంచెం జీవశాస్త్రం అవసరం. స్త్రీల కణాల్లో సాధారణంగా రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషుల కణాల్లో ఒక ఎక్స్, ఒక వై ఉంటాయని మీరు చదువుకున్నారు. ఆ 'సాధారణంగా' అన్న మాటను పాఠ్యపుస్తకం చదివేటప్పుడు మనం దాటవేస్తుంటాం. కొందరిలో కణాలన్నీ ఒకే రకంగా ఉండవు. కొన్ని కణాల్లో ఒక అమరిక, మరికొన్నింటిలో ఇంకొకటి ఉంటుంది. దీన్ని మొజాయిసిజం అంటారు. మరికొందరిలో వై క్రోమోజోము ఉన్నా శరీరం పురుష హార్మోనుకు స్పందించదు; వారు స్త్రీలుగానే పుట్టి పెరుగుతారు. వీరెవరూ మోసగాళ్లు కారు. పరీక్ష జరిగేదాకా తమలో ఇలాంటి తేడా ఉందని చాలామందికి తెలియదు కూడా. 1968 నుంచి ఒలింపిక్ సంఘం వాడిన పరీక్ష వేరు. చెంప లోపలి నుంచి తీసిన కణాల్లో 'బార్ బాడీ' అనే చుక్క కోసం వెదికేవారు. రెండో ఎక్స్ ఉంటే ఆ చుక్క కనిపిస్తుంది. కీవ్‌లో కాక ఒక్క ఏడాది తర్వాత ఈ పద్ధతిలో పరీక్షించి ఉంటే ఎవా నెగ్గి ఉండేదేనని తర్వాతి కాలపు వైద్యనిపుణులు రాశారు. అంటే ఒకే మనిషి 1966లో అర్హురాలు, 1967లో అనర్హురాలు, 1968లో మళ్లీ అర్హురాలు కావచ్చునన్నమాట. ఈ మూడేళ్లలో మారింది ఆమె శరీరం కాదు, కొలబద్ద.

1970లో అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య ఆమె ప్రపంచ రికార్డులను రద్దు చేసింది. టోక్యో రిలే రికార్డు కూడా పోయింది. ఒలింపిక్ సంఘం మాత్రం పతకాలు వెనక్కి తీసుకోలేదు. అందువల్ల ఆ రిలే బంగారు పతకం ఈనాటికీ నలుగురి పేరునా ఉంది, అదే పరుగు ప్రపంచ రికార్డుల పట్టికలో మాత్రం లేదు.

ఎవా వార్సాలో ఆర్థికశాస్త్రం చదువుకుంది, మళ్లీ పెద్ద పోటీల్లో దిగలేదు. ఆమె లేకుండా మెక్సికో వెళ్లిన రిలే జట్టు బ్యాటన్ జారవిడుచుకుంది. ఇరేనా మాత్రం పెళ్లయ్యాక షెవిన్‌స్కా పేరుతో అక్కడే రెండు వందల మీటర్ల బంగారు పతకం గెలిచింది. 1974లో నాలుగు వందల మీటర్లను 50 సెకన్ల లోపు పరుగెత్తిన తొలి మహిళ అయింది. 1976లో మాంట్రియల్‌లో 49.28 సెకన్లతో మరో బంగారు పతకం అందుకుంది. మొత్తం ఏడు ఒలింపిక్ పతకాలు! ఒకేరోజు ఒకే సమయం సాధించిన ఇద్దరిలో ఒకరి కథ ఇంత దూరం సాగితే మరొకరిది ఇరవై ఏళ్లకే ముగిసింది.

మరి ఆ పరీక్షల వల్ల ఒనగూడినదేమిటి? అవి నడిచిన మూడు దశాబ్దాల్లో స్త్రీ వేషంలో పోటీకి దిగిన పురుషుడు ఒక్కడైనా పట్టుబడిన దాఖలా లేదు. 1985లో స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్తీనెజ్ పతీన్యోను వెలివేశారు. ఆమె పోరాడి 1988లో తిరిగి అర్హత పొందింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3,387 మందిని పరీక్షిస్తే ఎనిమిది మంది ఫలితాలు తేడాగా వచ్చాయి. ఆ ఎనిమిది మందినీ పోటీకి అనుమతించారు. 1999లో ఒలింపిక్ సంఘం ఈ సామూహిక పరీక్షలకు స్వస్తి చెప్పింది.

మన దేశానికి ఈ చరిత్ర దూరమైనది కాదు. 2006 దోహా ఆసియా క్రీడల్లో ఎనిమిది వందల మీటర్ల రజతం గెలిచిన తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరరాజన్ పతకాన్ని పరీక్ష తర్వాత వెనక్కి తీసుకున్నారు. కీవ్‌లో లాగే ఇక్కడా ఆమె పేరు పత్రికలకెక్కింది. 2014లో ఒడిశా స్ప్రింటర్ ద్యుతీ చంద్‌ను హార్మోను నిబంధన కింద కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు. ఆమె స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జూలైలో ఆ న్యాయస్థానం నిబంధనను తాత్కాలికంగా నిలిపివేసింది. హైదరాబాద్‌లో కోచ్ నాగపురి రమేశ్ దగ్గర సాధన చేసిన ద్యుతీ 2016లో రియో ఒలింపిక్స్‌లో పరుగెత్తింది, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చింది. ఎవాకు, శాంతికి దొరకని అప్పీలు అవకాశం ద్యుతీకి దొరికింది.

మహిళల పోటీకి ఒక సరిహద్దు ఉండాలన్న వాదనను తేలిగ్గా కొట్టివేయలేం. ఆ సరిహద్దు లేకపోతే ఇరేనా పతకాలూ ఉండవు, ఎవా పతకాలూ ఉండవు. చిక్కల్లా ఆ గీతను ఏ పరికరంతో, ఎవరి సమక్షంలో, ఎంత గోప్యంగా గీస్తారన్నదే. 2025 సెప్టెంబరు నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ మహిళా విభాగానికి మళ్లీ జన్యు పరీక్షను తప్పనిసరి చేసింది. ఈసారి వెదికేది వై క్రోమోజోము మీద ఉండే ఎస్‌ఆర్‌వై అనే జన్యువు కోసం. 1990లో ఆ జన్యువును కనుగొన్న బృందంలోని శాస్త్రజ్ఞుడు ఆండ్రూ సింక్లెయిర్, ఆ జన్యువు ఉందా లేదా అన్నదొక్కటే చూసి లింగాన్ని నిర్ణయించలేమని బహిరంగంగా అభ్యంతరం తెలిపారు. కొత్త నిబంధన తొలిసారి అమలైన ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగిన నగరం టోక్యో.