చనుబాలా, పోతపాలా? లెక్క మారిన కథ

నేను బడిలో చదివింది తమిళం. రాతలో తప్పులుంటే మన్నించండి.

హెచ్‌ఐవీ ఉన్న తల్లి బిడ్డకు పాలివ్వచ్చా అని మొన్న మన గ్రూపులో ఒకరు అడిగారు. "ఇవ్వనే కూడదు" అని ఇంకొకరు వెంటనే జవాబు పెట్టారు. ఒకప్పుడు డాక్టర్లూ అదే చెప్పారు. తర్వాత ఎందుకు మార్చుకున్నారో తెలుసుకోవాలి.

మన దేశంలో ఈ వైరస్ మొదట తెలిసింది మద్రాసులోనే, 1986లో. డాక్టర్ సునీతి సాల్మన్ దగ్గర చదువుతున్న నిర్మల, రక్తం నమూనాలను ఐసుపెట్టెలో పెట్టుకుని రైలెక్కి, కాట్పాడిలో దిగి, వేలూరుకు తీసుకెళ్లి పరీక్ష చేయించారు. రైల్వేలో పనిచేసినవాణ్ణి కదా, ఆ రైలు ప్రయాణం నాకు మరపురాదు.

అంతకు ముందు ఏడాదే, చనుబాల ద్వారా బిడ్డకు సోకవచ్చని ఆస్ట్రేలియా డాక్టర్లు రాశారు. డబ్బున్న దేశాలు డబ్బాపాలకు మారాయి. అక్కడ కొళాయి తిప్పితే మంచినీళ్లు వస్తాయి. లేని దేశాల సంగతేమిటి?

2000లో కెన్యాలోని నైరోబీ లెక్కలు వచ్చాయి. రెండేళ్లు నిండేసరికి చనుబాలు తాగిన గుంపులో నూటికి 37 మందికి, డబ్బాపాల గుంపులో 21 మందికి వైరస్ సోకింది. డబ్బాపాలే గెలిచినట్టు కనిపిస్తుంది. కాని చనిపోయిన పిల్లలను లెక్కపెడితే ఇటు 24, అటు 20. పెద్ద తేడా లేదు.

2006లో బోట్స్వానాలో వానలు ముంచెత్తి నీళ్లు చెడి, విరేచనాలతో వందల మంది పసిపిల్లలు చనిపోయారు. ఆసుపత్రిలో చేరినవారిలో ఎక్కువమంది చనుబాలు లేనివారే.

ఇంకో సంగతి 1999లోనే దక్షిణాఫ్రికా డర్బన్‌లో తేలింది. మొదటి నెలల్లో చనుబాలతో పాటు నీళ్లు, వేరే పాలు, గంజి కలిపి పట్టిన పిల్లలకే వైరస్ ఎక్కువ సోకింది. చనుబాలు తప్ప ఇంకేమీ పట్టని పిల్లలకు తక్కువ. మన ఇళ్లలో పుట్టగానే తేనె నాకించి, ఉగ్గుగిన్నె పట్టే అలవాటు గుర్తొచ్చి నాకు గుండె ఝల్లుమంది.

చివరికి దారి చూపింది మందు. తల్లి మందు వాడుతూ పాలివ్వవచ్చని 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2014 నుంచి మన దేశంలో హెచ్‌ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం మందు ఇస్తున్నారు, ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితంగానే. రోజూ తప్పకుండా వేసుకుంటే పాల ద్వారా సోకేది నూటికి ఒకటి కంటే తక్కువ. మొదటి ఆరు నెలలు చనుబాలు మాత్రమే. ఎవరికి ఏది సరి అన్నది అక్కడి డాక్టరు చెప్పాలి, మన గ్రూపు కాదు.

తొంభైలలో మా క్వార్టర్సులో ఒక చిన్నకోడలు బిడ్డకు డబ్బాపాలు పట్టింది. కారణం ఎవరికీ తెలియదు, అయినా ఇంటింటా గుసగుసలు. రెండు నెలల్లో ఆ పిల్ల పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ గుసగుసల్లో మా ఇల్లూ ఉంది.

ఇంతకాలం వైరస్‌ను మాత్రమే లెక్కపెట్టి, బతికిన బిడ్డలను లెక్కపెట్టడం మరిచారు డాక్టర్లు. వారు దిద్దుకున్నారు. మనమూ దిద్దుకుందాం. ఏ తల్లినైనా "ఎందుకు పాలివ్వడం లేదు, ఎందుకు ఇస్తున్నావు" అని అడగకండి. బిడ్డ బాగున్నాడా అని మాత్రం అడగండి.