మేమిచ్చిన చందా

చరిత్ర రాయాలంటే ఆధారం ఉండాలంటారు. కాగితం ఉండాలి, దాని మీద తేదీ, సంతకం ఉండాలి. అట్లాంటి కాగితం నా దగ్గర ఒకటుంది. 1990 జూన్‌లో ఒక ఆదివారం సాయంత్రం చిక్కడపల్లిలో ఒక హాల్లో ఇచ్చిన రసీదు. నగదు 412 రూపాయలు, బియ్యం ఒక బస్తా. తేదీ ఉంది, సంతకం ఉంది. అయినా అందులో ఒక అబద్ధం ఉంది. అది రాసినవాళ్లు వేరే. దాచిపెట్టింది నేను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లా. ఒంగోలు నించి బస్సులో గంటసేపు పోతే ఊరు, ఊరు దాటి చెరువుకట్ట దిగితే మా మాదిగపల్లె. రేకుల చర్చి. అందులో పద్నాలుగు మందిమి పాటలు పాడేవాళ్లం. గాయక బృందం అనే మాట మాకు తర్వాత తెలిసింది. పల్లెలో మమ్మల్ని 'పాటలోళ్లు' అనేవారు, అంతే. పగలు పొగాకు పనికి పోయేవాళ్లం, రాత్రి లాంతరు చుట్టూ కూచుని పాడేవాళ్లం. నాకప్పుడు పదిహేడేళ్లు, ఇంటర్ చదువుతున్నాను. మాకు నేర్పింది మా పెదనాయన. ఆయన చెప్పులు కుట్టేవాడు. హార్మోనియం వాయించేవాడు, డప్పూ కొట్టేవాడు. అక్షరం రాదు. కానీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఏ పాట పేరు చెప్పినా రాగం ఎత్తుకునేవాడు.

ఆ కీర్తనల సంగతి కొంచెం చెప్పాలి. పురుషోత్తమ చౌదరి 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయనా ఆ తర్వాతివాళ్లూ కర్ణాటక రాగాల్లో కట్టిన పాటలవి. పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. తోడి, మోహన, శంకరాభరణం అన్న పేర్లు మా పెదనాయన చదవలేడు. పాడగలడు. సభల్లో ముందు వరసలో కూచుని తల ఊపేవాళ్లు తమ సొత్తనుకునే రాగాలు, మా పల్లెలో కలుపు తీసే ఆడవాళ్ల నోళ్లలో నూరేళ్ల నించి ఉన్నాయి. ఈ మాట ఏ సంగీత చరిత్రలో రాశారు?

1990 మే 9న తుపాను కృష్ణా జిల్లా తీరాన్ని తాకింది. వెయ్యికి దగ్గరగా జనం చనిపోయారు. (అదే రోజున విడుదలైంది 'జగదేకవీరుడు అతిలోకసుందరి'. అందుకే ఆ తేదీ సినిమా వాళ్లకూ గుర్తే.) మా పెద్దవాళ్లకు 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గుర్తొచ్చింది. అప్పుడు మా పల్లె మగవాళ్లు కొందరు శవాలెత్తడానికి పోయారు. చచ్చిన గొడ్లనెత్తే చేతులని మమ్మల్ని దూరం పెట్టిన లోకమే, ఆ రోజు ఆ చేతుల కోసం వెతికింది.

సెక్రటేరియట్‌లో అటెండరుగా ఉన్న మా మేనమామ జాబు రాశాడు. తుపాను బాధితుల కోసం చిక్కడపల్లిలో ఒక కార్యక్రమం పెడుతున్నారు, మన పాటలోళ్లు వస్తే పాడిస్తారు అని. పెదనాయన వెంటనే ఒప్పుకున్నాడు. అయితే ఆయన ఒక మాటన్నాడు.

"ఉత్త చేతుల్తో పోతే ఎట్టా? పాట ఒకటే ఇచ్చి వస్తామా?"

మా చర్చిలో పిడికెడు బియ్యం అలవాటుంది. ఆడవాళ్లు పూటపూటకూ ఎసట్లో పోయబోయే ముందు ఒక పిడికెడు పక్కన పెడతారు. అట్లా పోగైన బియ్యం బస్తాకెత్తారు. డబ్బులు రూపాయి, రెండు రూపాయలుగా వచ్చాయి. జూన్ అంటే మా దగ్గర పనుల్లేని కాలం. అప్పు తెచ్చి ఇచ్చినవాళ్లున్నారు. మొత్తం 412. రైలు చార్జీలు ఎవరివి వాళ్లు పెట్టుకున్నాం.

శుక్రవారం రాత్రి ఒంగోలులో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టె ఎక్కాం. బియ్యం బస్తా మీద పిల్లల్ని కూచోబెట్టాం. శనివారం పొద్దున నాంపల్లిలో దిగాం. నారాయణగూడలో మేనమామకు తెలిసినవాళ్లు ఒక గది చూపించారు. వైఎంసీఏ చౌరస్తా, దీపక్ మహల్, ఆగకుండా పోయే బస్సులు. మాలో సగం మంది హైదరాబాదు చూడటం అదే మొదలు. సాయంత్రం ప్రాక్టీసు చూడటానికి నిర్వాహకుల్లో ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడే. అంతా విని, "చాలా బాగుంది పెద్దాయనా, ఆ డప్పు ఒక్కటీ వద్దులెండి, హాల్లో మోతైపోతుంది" అన్నాడు. పెదనాయన తలూపాడు. డప్పు గదిలో గోడకు ఆనించాడు.

డప్పు గురించి మాకు ఆ మాట కొత్త కాదు. దాని వెనక నూటపాతికేళ్ల చరిత్ర ఉంది. 1867లో ఒంగోలు బాప్టిస్టు సంఘం మొదలైనప్పుడు, యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్లు అమ్ముకునే మాదిగాయన మా వైపు పల్లెలన్నీ తిరిగాడు. సంఘంలో చేరినవాళ్లు ఊరి జాతరల్లో డప్పు కొట్టం, చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు. దాని మీద ఊళ్లు మండిపడ్డాయి. పని మానిపించారు, కొట్టారు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో ఒంగోలు మాదిగల మీద అచ్చేసిన పుస్తకంలో ఆ కథలున్నాయి. అంటే ఆనాడు డప్పు ఆపడమే మా మొదటి సమ్మె. ఎవరో పిలిస్తే, కూలి లేకుండా, వాకిట్లో నిలబడి కొట్టే డప్పును ఆపారు. తర్వాత తర్వాత చర్చి పెద్దలు కొందరు డప్పే పాపమన్నారు. అది వేరే తప్పు. ఊరు డప్పును తక్కువన్నది, చర్చి పాపమన్నది, నగరం మోతన్నది. 1985 జులై 17న కారంచేడు జరిగాక, చీరాల శిబిరంలోనూ ఊరూరి సభల్లోనూ డప్పు మళ్లీ మా కోసం మోగింది. 1994 జులై 7న మా జిల్లాలోని ఈదుముడిలో మొదలైన ఉద్యమం డప్పు మోతనే పేరుగా పెట్టుకుంది, దండోరా అని.

ఇంకొక మాట కూడా మమ్మల్ని వెంటాడుతుంది. 'గంజికి మారినోళ్లు' అని. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్లు కాంట్రాక్టు తీసుకుని మా వాళ్లకు పని చూపించాడు. మా తాతలు మన్ను మోసి కూలి తెచ్చుకున్నారు. ఆ పని నడిచినన్నాళ్లూ, అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. మన్ను మోసి తిన్నవాళ్లను గంజి తాగి మారారని నూటయాభై ఏళ్లుగా అంటూనే ఉన్నారు. మేం ఏం చేసినా పుచ్చుకున్నట్టే లెక్క.

ఆదివారం సాయంత్రం నారాయణగూడ నించి చిక్కడపల్లికి నడిచే పోయాం. చిక్కడపల్లి అంటే త్యాగరాయ గానసభ అని మేనమామ చెప్పాడు గానీ, మేం పాడింది అక్కడ కాదు, వేరే చిన్న హాల్లో. వేదిక పక్కన జనం ఇచ్చిన బట్టలు, గిన్నెలు కుప్పగా పోసి ఉన్నాయి. మా బియ్యం బస్తా కూడా అక్కడే దించాం. నాట్యం, మిమిక్రీ, సినిమా పాటలు అయ్యాక మమ్మల్ని పిలిచారు. "ఒంగోలు ప్రాంతం నించి వచ్చిన పేద హరిజన సోదరులు" అన్నారు మైకులో. మూడు పాటలు పాడాం. చప్పట్లు బాగానే కొట్టారు.

అందరికీ పాడాక శాలువా కప్పారు. మా వంతు వచ్చింది. శాలువా రాలేదు. నిర్వాహకుడు ఆ కుప్పలోంచి ఒక మూట తీయించి పెదనాయన చేతుల్లో పెట్టించాడు. పాత చీరలు, చొక్కాలు. ఫొటో కోసం అందర్నీ దగ్గరికి జరగమన్నారు. కావాలని అవమానించాలని చేసిన పని కాదది. మమ్మల్ని చూస్తే వాళ్లకు తుపాను బాధితులే కనిపించారు. అంతకు మించి ఇంకేమీ కనిపించలేదు.

పెదనాయన ఫొటో దిగలేదు. మూట తీసుకుపోయి కుప్ప మీద పెట్టాడు. టేబుల్ దగ్గరికి పోయి నడుముకున్న సంచి విప్పి డబ్బు కుమ్మరించాడు.

"అయ్యా, ఆ మూట తుపానోళ్లది. మేం తీసుకునేదానికి రాలా, ఇచ్చేదానికొచ్చినాం. లెక్క చూసుకుని రసీదు ఇయ్యండి."

హాలు నిశ్శబ్దమైపోయిందని రాయాలని ఉంటుంది. కాలేదు. తర్వాతి పాటకు తబలా సరిచేసుకుంటున్నారు. టేబుల్ దగ్గరున్న కుర్రాడు చిల్లర లెక్కపెట్టి, దాత పేరేమని రాయాలని అడిగాడు.

"మాదిగపల్లె అని రాయి నాయనా. ఊరు పేరు కూడా వెయ్యి."

ఆ అబ్బాయి పెన్ను ఆగింది. పక్కనున్న పెద్దమనిషి వైపు చూశాడు. ఏదో మాట్లాడుకున్నారు. రాసి, చించి ఇచ్చాడు. పెదనాయన దాన్ని కళ్లకద్దుకుని నా చేతికిచ్చాడు. మాలో చదువుకున్నదాన్ని నేనే కదా.

నారాయణగూడ చౌరస్తా దగ్గర దుకాణం లైటు కింద చదివాను. 'దాత: క్రైస్తవ భక్తులు, ఒంగోలు' అని ఉంది. మా ఊరు లేదు, మా పల్లె లేదు, మా కులం లేదు.

"ఏం రాశాడమ్మే? పల్లె పేరు రాశాడా?"

"రాశాడు పెదనాయనా. మాదిగపల్లె అనే ఉంది."

ఆయన నవ్వాడు. ఆ రాత్రి గదిలో అందరం ఒకే మాట మీద ఉన్నామని చెప్పను. మా చిన్నమ్మ కసురుకుంది. "మూటలో నీలం చీర ఎంత బాగుందో, ఉంచుకుంటే ఏం పోయేది? ఇంటికి పోతే కట్టుకునేదానికి నీ మర్యాద వస్తదా బావా?" అంది. ఆమెకు ఉన్నవి రెండే చీరలు. పెదనాయన ఆమెను ఒక్క మాటనలేదు. గోడకు ఆనించిన డప్పు తీసి ఒళ్లో పెట్టుకుని, పిల్లలు లేవకుండా వేళ్లతో మెల్లగా కొట్టుకుంటూ కూచున్నాడు. ఆయన ఆత్మగౌరవమూ నిజమే, ఆమె చీర లేమీ నిజమే. ఈ రెంటిలో ఒకదాన్నే మనం పాటల్లో పెడుతున్నామని నాకిప్పటికీ అనిపిస్తుంది.

నాలుగేళ్ల తర్వాత పోటీ పరీక్షలకు చదవడానికి అదే చిక్కడపల్లికి వచ్చాను. అశోక్‌నగర్‌లో ముగ్గురం ఆడపిల్లలం ఒక గదిలో ఉండేవాళ్లం. పగలంతా నగర కేంద్ర గ్రంథాలయం. పరీక్ష పుస్తకాల మధ్య మా చరిత్ర వెతుక్కున్నాను. మేం హైదరాబాదు రావడానికి ఎనభై ఏళ్ల ముందే ఇక్కడ మాలాంటి పాటలోళ్లు ఉన్నారని తర్వాత్తర్వాత తెలిసింది. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలు, భజనలతోనే వాడల్లో జనాన్ని కూడగట్టాడు. 1911లో అది మాన్యసంఘమైంది. 1917 నవంబరులో బెజవాడలో ఆయన అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాసభ జరిగితే, వీళ్లు లోపలికొస్తారేమోనని కనకదుర్గ గుడి మూడు రోజులు మూసేశారు. అంటువ్యాధులొచ్చినప్పుడు సేవ చేసిన వాలంటీర్లూ ఆయన వెంట ఉన్నారు. ఇంకా వెనక్కి పోతే, 1903లో తెలుగు బాప్టిస్టుల సొంత హోంమిషన్ సంఘం జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపింది, చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా పోయిన తెలుగువాళ్ల కోసం. అమెరికా మిషన్ పంపలేదు. ఇక్కడి సంఘాల కానుకలు పంపాయి. ఆ సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగలే. అంటే సముద్రం అవతల ఉన్నవాళ్ల కోసం కూడా మా పల్లెలు ఇచ్చాయి.

ఇవన్నీ చదివినప్పుడల్లా పెదనాయనకు చెప్పాలనుకున్నాను. చెప్తే రసీదు సంగతి కూడా చెప్పాల్సొస్తుంది. చెప్పలేకపోయాను. ఆయన 2003లో పోయాడు. రసీదు ఆయన బైబిల్లో ఉంది. ఎవరొచ్చినా తీసి చూపించేవాడట, "హైదరాబాదులో మా పల్లె పేరు రాయించినా" అని.

నేను భయంతో అబద్ధమాడానా, ప్రేమతోనా? రెండూ కావచ్చు. కానీ చదువొచ్చిన ఒక్కదాన్ని, చదవలేని పదమూడు మందికి తప్పు చదివి వినిపించాను. ఈ పని నేను ఒక్కదాన్నే చెయ్యలేదు. చదువుకున్న మనం చాలామందిమి మన వాళ్లకు చరిత్రను ఇట్లాగే చదివి వినిపిస్తున్నాం, నొప్పి కలగకుండా.

ఇప్పుడు మా అమ్మాయి అదే అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది. 2024 అక్టోబరులో గ్రూప్-1 అభ్యర్థులు ఆ వీధుల్లోకి వచ్చినప్పుడు ఫోన్ చేసి ఆ గొడవంతా వినిపించింది. రిజర్వేషన్ అంటే దయ అనుకునేవాళ్లు ఆ వీధుల్లో ఇప్పటికీ ఉన్నారు, నా రోజుల్లోనూ ఉన్నారు. వాళ్లకు నేను పెద్దగా చెప్పేదేం లేదు. మన పిల్లలకే చెప్తున్నాను. ఇంటికి పోయినప్పుడు అడగండి. మీ పల్లె ఏ తుపానుకు ఎంతిచ్చింది, ఎవరు శవాలెత్తారు, ఎవరు పిడికెడు బియ్యం తీసిపెట్టారు. తేదీతో సహా రాసుకోండి. ఊరి పేరు, కులం పేరు వదిలిపెట్టకండి.

నేను కూడా ఇప్పుడు ఆ రసీదు సరిచేస్తున్నాను. 1990 జూన్, చిక్కడపల్లి. నగదు 412 రూపాయలు, బియ్యం ఒక బస్తా, పాటలు మూడు. దాత: మాదిగపల్లె.